నలభై రెండో విస్తరి

అక్టోబరు 3, సోమవారం. ఉక్కపోత, గాలి లేదు. రాగి బద్దతో నాలుక గీసుకుని, పట్టీ మంచినీళ్లలో ఉతికి దండెం మీద ఆరేశాను.

ఒరాంబే వచ్చి నలభై ఏడు రోజులు. ఈ ఊరికి నేల లేదు. అడుగు బురదలో దిగబడ్డ పాత ఓడల్ని పక్కపక్కన గొలుసులతో కట్టి వాటి మీద ఊరు లేపారు. సముద్రం పోటు మీదున్నప్పుడు బజారు పై అంతస్తుకి ఎక్కుతుంది, తగ్గాక కింది బల్లల మీదికి దిగుతుంది. అమ్మేవాళ్లు పొయ్యితో సహా ఎక్కి దిగుతారు. నాకు మెట్లెక్కడం పడదు కాబట్టి నీళ్లు కిందుండగానే పొద్దుటి పంక్తి ముగిస్తాను.

ఎనిమిదింటికి పట్టీ దవడ కింద కట్టుకున్నాను. భీమిలిలో రెండు వందల పన్నెండు మంది తమ ఇళ్లలో చప్పిడన్నం ముందు పెట్టుకుని, వాళ్ల పట్టీలు కట్టుకుని కూర్చున్నారు. నేను ఇక్కడ ఏది నమిలితే దాని రుచి వాళ్ల నోళ్లలోకి వెళుతుంది. చప్పజ్వరం వచ్చి పోయి పద్నాలుగేళ్లయింది. వెయ్యి మందిలో ఒకరికి నాలుక మిగిలింది. అలా మిగిలినవాళ్లలో నేనొకణ్ణి.

ఇవాళ్టి పద్దు, పదికి. నిప్పురాళ్ల మీద పేలిన గవ్వలు: కారం ఆరు, పులుపు మూడు, ఉప్పు రెండు. సగ్గుబియ్యం సేమ్యా, పీతముద్దతో: తీపి ఒకటి, కారం ఐదు, ఉప్పు రెండు. బీబో దగ్గర పొగబెట్టిన పాముచేప చారు: పులుపు ఏడు, కారం ఐదు, ఉప్పు ఒకటి.

బీబోతో చెప్పాను, ఉప్పు తక్కువైందని. ఈ ఊరి భాష నాకు రాదు. కంపెనీ ఇచ్చిన చెవిబిళ్ల ఆమె మాటని తెలుగు చేసి వినిపిస్తుంది. ఎందుకో మరి, గుంటూరు యాసలో వినిపిస్తుంది.

"ఏందయ్యా, నిన్న ఎంతో ఇయ్యాల అంతే. మా అమ్మ ఏసినంతే నేనేస్తన్నా. నీ ఒక్కడికే చాల్లేదా?"

బజారులో అందరూ ఈ మధ్య ఉప్పు తగ్గిస్తున్నారు. కాలం అలా ఉంది.

మధ్యాహ్నం పంక్తి లేచాక జాబితా చూసుకున్నాను. మొదటి విస్తరి ఖాళీ. మొదటి విస్తరి నాలుక గలవాడి ఇంటివాళ్లది, అది ఆనవాయితీ. అంటే నా భార్య సూరీడమ్మది. పొద్దున ఉంది, మధ్యాహ్నం లేదు. పన్నెండేళ్లలో ఇదే మొదటిసారి. ఒంట్లో బాగోలేదేమో.

అక్టోబరు 4, మంగళవారం. తెల్లారేసరికి వాన. గొడుగు కమ్మీ సరిచేశాను.

మెట్ల దగ్గర చిట్టిరాజు ఎదురయ్యాడు. పాలకొల్లు వాడు. నాకంటే పద్నాలుగేళ్లు చిన్న. ఈ ఊరికి నా తర్వాత నెలకి వచ్చాడు. వాడి పంక్తి తొమ్మిది వందల విస్తరులు.

"ఆయ్, పాపినాయుడు గారండీ. మొహం అలా వాడిపోయిందేంటండీ? మీ పొట్ట పక్కన నా పొట్ట పెట్టి చూస్తే మీరే ఉపాసం ఉన్నట్టున్నారండి."

పనుందన్నాను.

"పని ఎప్పుడూ ఉంటాదండి. బీబో చారు తాగొచ్చారా? ఎలా ఉందండీ ఇవాళ?"

బాగుందన్నాను. నా బళ్లు నేను నలభై రోజులు తిరిగి వెతుక్కున్నవి. వాడికెందుకు చెప్పాలి.

వాడు తినే తీరు నేను చూశాను. కళ్లు మూసుకుంటాడు. "అబ్బబ్బబ్బ" అంటాడు. పక్కనున్నవాళ్లు నవ్వుతారు, ఇంకో ముక్క ఊరికే పెడతారు. పట్టీలో మాట వెళ్లదు, రుచే వెళుతుంది. అయినా వాడికి తొమ్మిది వందలు. నేను శ్రద్ధగా, మాట్లాడకుండా, ఒక్కో ముక్క ఇరవైసార్లు నములుతాను. నాకు రెండు వందల పన్నెండు. ఇవాళ రెండు వందల తొమ్మిది.

మధ్యాహ్నం మొదటి విస్తరి మళ్లీ ఖాళీ.

సాయంత్రం ఫోను చేశాను. సూరీడమ్మ గొంతు కులాసాగానే ఉంది. ఒంట్లో బాగానే ఉన్నట్టుంది.

"బావా, ఏటి తిన్నావు?"

"నీకు తెలీదా?"

"పొద్దుటిది తెలుసులే. గవ్వలు బాగున్నాయి. ఉప్పు సరిపోయిందేటి నీకు?"

"వాళ్లేసినంత."

"ఎంతేసినారు?"

పంక్తి ఎగ్గొట్టి, ఉప్పు లెక్క అడిగేది నన్ను. మధ్యాహ్నం ఎందుకు కూర్చోలేదో తనే చెబుతుందని చూశాను. చెప్పలేదు. చీరలు ఆరలేదని చెప్పింది. వాన అక్కడా పడుతోందట.

అక్టోబరు 5, బుధవారం. మబ్బు. చెప్పు తెగితే కుట్టించుకున్నాను.

పొద్దున సూరీడమ్మ ఉంది. మధ్యాహ్నం లేదు.

పై ఓడలో మా కంపెనీ ఆఫీసు. అక్కడ గోడ మీద అన్ని పంక్తుల జాబితాలూ నడుస్తూ ఉంటాయి, ఎవరు ఏ పంక్తిలో కూర్చున్నారో ఎవరైనా చూడొచ్చు. నేను ఎప్పుడూ నాది తప్ప చూడను. ఇవాళ చూశాను. చిట్టిరాజు మధ్యాహ్నం పంక్తి, నలభై ఒకటో విస్తరి: కోరాడ సూరీడమ్మ, భీమిలి.

రెండుసార్లు చదివాను. భీమిలిలో ఆ పేరుతో ఇంకొకరు లేరు.

పక్కనే నలభై రెండో విస్తరికి పేరు లేదు, ఒక చుక్క ఉంది. మా ఊరి పంక్తి భోజనాల్లో ఎవరికైనా చోటు ఆపాలంటే విస్తరి మూల చిటికెడు ఉప్పు పోసి ఉంచుతారు. అది చూసి ఇంకెవరూ అక్కడ కూర్చోరు. జాబితాలో చుక్క అంటే అదే. ఎవరికో ఆపిన చోటు. వడ్డించినవాడు అందరి తర్వాత కూర్చుంటాడు. చిట్టిరాజు తన చోటు నా భార్య పక్కన ఆపుకున్నాడన్నమాట. లేకపోతే ఆమే ఆపిందేమో. ఈ రెండింటిలో ఏది నయమో మెట్లు దిగేంతసేపూ ఆలోచించాను.

తను వంట చేసిన మనిషి. భీమిలిలో పదహారేళ్లు మెస్సు నడిపింది. చెయ్యి ముంచకుండా, ఆవిరి చూసి పులుసులో ఉప్పెంతో చెప్పేది. జ్వరం తన నాలుక పట్టుకుపోయింది. గల్లాపెట్టె దగ్గర కూర్చుని చిల్లర లెక్కపెట్టిన నా నాలుక మిగిలింది. నాకెవరూ ఈ పని నేర్పలేదు. రోజూ తిన్నది రాసుకుంటూ, రాసింది తనకి వినిపిస్తూ నేర్చుకున్నాను. ఈ పన్నెండేళ్లలో నేను తిన్న ప్రతి మెతుకూ తన కోసం తిన్నదే. మిగతా రెండు వందల పై చిలుకు జనం పక్కన కూర్చున్నవాళ్లు, అంతే.

మెతుకు సంగతి తనకి ఎప్పుడూ చెప్పలేదు. చెప్పాలనిపించలేదు కూడా.

అక్టోబరు 6, గురువారం. ఎండ. పట్టీ గుండీ ఊడితే కుట్టుకున్నాను.

మధ్యాహ్నం నా పంక్తి తొందరగా ముగించి చిట్టిరాజు వెనక వెళ్లాను. ఎండు రొయ్యల గంపల వెనక నిలబడి చూశాను. వాడు గవ్వల బండి దగ్గర ఆగాడు. తర్వాత సేమ్యా. తర్వాత బీబో. పొద్దున నేను తిన్నవే, అదే వరస. నా వెతుకులాట అంతా వాడికి తేరగా దొరికింది.

బీబో చారు పోసింది. వాడు గిన్నె పైకెత్తి గుక్క వేశాడు. కళ్లు మూసుకున్నాడు. ఆ గుక్క వాడి గొంతులో దిగడం నాకు కనబడింది. అదే వేళకి భీమిలిలో, మా ఇంట్లో, వంటింటి గుమ్మం దగ్గర పీట మీద కూర్చుని తనూ మింగింది. నా పీట ఎదురుగా ఖాళీగా ఉండి ఉంటుంది. వాడు పెదాలు తుడుచుకున్నాడు. ఆ పెదాలు ఎర్రగా ఉంటాయి. ఇంతకు ముందు గమనించలేదు.

గిన్నె దింపాక వాడు జేబులోంచి కాగితం తీసి ఏదో రాసుకున్నాడు. తర్వాత బీబో దగ్గరికి వంగి చెవిలో ఏదో అన్నాడు. బీబో నవ్వలేదు. తలూపింది.

వాడు బీబో చెవిలో చెప్పేది ఏముంటుంది. నా గురించే అయి ఉంటుంది.

అక్టోబరు 7, శుక్రవారం. గాలి ఎక్కువ. దండెం తెగితే ముడేశాను.

బీబో చారు: పులుపు ఏడు, కారం ఐదు, ఉప్పు ఆరు.

ఇన్నాళ్లకి తెలివొచ్చింది ఆమెకి. అదే మాట అన్నాను, ఇవాళ సరిగ్గా పడిందని. బీబో నా మొహం చూసి, గరిటె కడుక్కుంటూ, "తాగి పోవయ్యా" అంది. గవ్వల బండివాడు కూడా సరిచేసుకున్నాడు. సేమ్యాలోనూ ఉప్పు తెలిసింది.

పంక్తి రెండు వందల పద్దెనిమిదికి వెళ్లింది. నాలుగు రోజుల్లో మొదటిసారి పెరిగింది. చిట్టిరాజుకి పన్నెండు తగ్గాయి. జాబితా కాసేపు చూస్తూ నిలబడ్డాను. పన్నెండూ పోయాయి గానీ నలభై ఒకటి కదల్లేదు. చుక్క కూడా కదల్లేదు.

దాహం ఎక్కువగా ఉంది. మూడు చెంబులు తాగాను. కాళ్లు కాస్త వాచినట్టున్నాయి, మెట్ల వల్ల.

సాయంత్రం తనే ఫోను చేసింది.

"బావా, ఇయ్యాల చారు బాగుంది."

"మధ్యాహ్నం ఇంకా బాగుండి ఉంటుంది."

"జాబితా సూసినావా?"

"గోడ మీద ఉంటుంది. అందరూ చూస్తారు."

"సూస్తే సూసినావులే. నాలుగు రోజులు ఓపిక పట్టు. అన్నీ సెప్తాను."

"చెప్పడానికేముంది. వాడి నోరు బాగుంటుంది."

"అలగనకు. నోరు ఎవులిదైతే ఏటి? నాకు కావల్సింది నాను సూసుకుంతన్నాను."

ఫోను పెట్టేశాను. పన్నెండేళ్లుగా తనకి కావల్సింది నేను చూస్తున్నాననుకున్నాను.

అక్టోబరు 8, శనివారం. మబ్బు. చొక్కాలు మూడు ఉతికాను.

ఈ పనిలో ఒక మోసం ఉంది. కొందరు నాలుక కింద తేనెబిళ్ల దాచుకుని తింటారు. ప్రతి వంటా కమ్మగా వెళుతుంది, విస్తరులు పెరుగుతాయి. దొరికితే పట్టీ లాక్కుని పంపేస్తారు. చిట్టిరాజు బుగ్గ ఎప్పుడూ కాస్త ఉబ్బి ఉంటుంది. అది మాట్లాడి మాట్లాడి ఉబ్బిందో బిళ్ల వల్ల ఉబ్బిందో నేను చూడలేదు. చూడలేదనే ఇక్కడ రాస్తున్నాను. ఫిర్యాదులో మాత్రం చూశానని రాశాను.

పర్యవేక్షకురాలు వకుళ గారు కాగితం చదివి కళ్లద్దాలు తీశారు.

"రూలు తెలుసుగా పాపినాయుడు గారూ? ఫిర్యాదు చేసినవాళ్లు కూడా పరీక్షలో కూర్చోవాలి. ఇద్దరూ మూడు గ్లాసులు తాగాలి."

"తెలుసండీ."

"ఎన్నేళ్లుగా చేస్తున్నారు మీరు?"

"పన్నెండు."

"ఇంతవరకు మీ చేతి కాగితం ఒక్కటీ నా బల్ల మీదికి రాలేదు. సరే, సోమవారం పదింటికి."

సంతకం చేశాను. పై అంతస్తు నుంచి చూస్తే కింద చిట్టిరాజు అరటిపువ్వు బజ్జీలు తింటూ ఎవరినో నవ్విస్తున్నాడు. సోమవారం తర్వాత నవ్విస్తాడేమో చూడాలి.

అక్టోబరు 9, ఆదివారం. ఎండ. సెలవు. గది ఊడ్చాను. బజారుకి వెళ్లలేదు. గంజి తాగాను. ఫోను మోగింది, తియ్యలేదు. రెండోసారి కూడా తియ్యలేదు.

అక్టోబరు 10, సోమవారం. గాలి లేదు, సముద్రం పళ్లెంలా ఉంది. నాలుక మామూలు కంటే ఎక్కువసేపు గీసుకున్నాను.

పది గంటలకి వకుళ గారి గది. చిట్టిరాజుకి అప్పటిదాకా విషయం తెలీదు. ఫిర్యాదు చదివి వినిపించారు. వాడు నా వైపు చూశాడు. కోపం రాలేదు వాడికి. వచ్చి ఉంటే నాకు సుఖంగా ఉండేది.

"తేనెబిళ్లండీ? నాకు తీపంటే పళ్లు లాగుతాయండి. అడిగుంటే నోరు తెరిచి చూపించేవాణ్ణి కదండీ."

నోరు కడిగించారు. బుగ్గల్లో వెతికారు. ఏమీ లేదు. మూడు గ్లాసులు ఇచ్చారు. ఒక్కో గుక్క తాగి చెప్పాడు: ఉప్పునీళ్లు, పంచదారనీళ్లు, మంచినీళ్లు. సరిపోయింది.

తర్వాత నా వంతు. గ్లాసుల వరస మార్చి పెట్టారు.

మొదటిది మంచినీళ్లు. రెండోది తీపి. మూడోది మంచినీళ్లు.

"మూడోది?" అన్నారు వకుళ గారు.

"మంచినీళ్లండీ."

"ఇంకోసారి తాగండి."

తాగాను. మంచినీళ్లే. వేరే గ్లాసులో పోసి ఇచ్చారు, తాగాను. నాలుగోసారి నేనే అడిగి తాగాను. నాలుక మీద నీళ్లు బరువుగా ఉన్నాయి, జిడ్డుగా ఉన్నాయి. ఇంకేం లేదు. గొంతు మండింది. చిట్టిరాజు కిటికీలోంచి సముద్రం వైపు చూస్తున్నాడు.

"మేడం గారండీ," అన్నాడు వాడు, అటు తిరిగే, "ఆయనకి నిన్నట్నుంచీ జలుబండి. ముక్కు దిబ్బడేస్తే ఎవరికైనా అంతేనండి. వారం పోయాక చూడండి."

నాకు జలుబు లేదు. వకుళ గారికీ తెలుసు. వాడు నా కోసం అబద్ధం ఆడుతున్నాడు. వాడి మీద నేను ఆడిన అబద్ధం ఇంకా బల్ల మీదే ఉంది. ఆ మంచితనం కూడా వాడికే ఉండాలా అనిపించింది. సిగ్గుపడవలసిన చోట అదే ముందు అనిపించింది, కాబట్టి అదే రాస్తున్నాను.

వకుళ గారు కాగితం నింపారు. చప్పజ్వరం కొందరిలో ఇలా ఆలస్యంగా తిరగబడుతుందట. ముందు ఉప్పు, తర్వాత తీపి, ఆఖర్ని పులుపు. అంతా పోవడానికి రెండు నెలలు. ఊరికి పడవ పదమూడు రోజుల తర్వాత ఉంది. నా పంక్తిని రేపట్నుంచి చిట్టిరాజు పంక్తిలో కలుపుతారు.

"మీకు పట్టీ మారుస్తాం," అన్నారు ఆవిడ. "ఇకమీదట పంపేది కాదు, అందుకునేది. ఏ పంక్తిలో కావాలంటే ఆ పంక్తిలో కూర్చోవచ్చు. నాలుక లేనివాళ్ల హక్కు అది."

తిరిగి వస్తుంటే బీబో పిలిచింది. కొత్త పట్టీ చూసి ఆమెకి అర్థమైంది.

"నాకు తెలుసులేయ్యా. పోయిన వారం నీ జోడీగాడు వచ్చి చెప్పినాడు, నీ గిన్నెలో మూడింతలు ఉప్పెయ్యమని. గవ్వలోడికీ చెప్పినాడు. నాకేమో బయ్యం, నీ కాళ్లు చూస్తే వాస్తున్నాయి. ఇంక ఎయ్యను. తిట్టుకో."

వాళ్లు సరిచేసుకున్నారనుకున్న ఆరు మార్కుల ఉప్పు, పెరిగిన తొమ్మిది విస్తరులు, నేను జాబితా ముందు నిలబడి చూసుకున్నవి. అవి వాడు పెట్టించినవి.

ఫోను చేశాను. ఒక్క మోతకే తీసింది.

"ఎప్పుడు తెలిసింది నీకు?"

"పద్దినాలైంది." తను ఏడవడం లేదు. పులుసు మాడితే ఎలా చెబుతుందో అలా చెప్పింది. "పులుపు దిగతంది, కారం దిగతంది, ఉప్పు మాత్రం ఎక్కడో గుమ్మం దగ్గర నిలబడిపోయినట్టు ఉంది. కూర చప్పనో, నీ నాలిక చప్పనో నాకెలగ తెలుస్తది? అవే కూరలు ఇంకో నోటంట తిని సూడాల. ఆ పాలకొల్లు బాబుకి ఫోను సేసినాను. నువ్వు పొద్దున తిన్న బళ్ల కాడే మజ్జానం తినమన్నాను."

"వాడు కాగితం మీద రాసుకున్నది?"

"ఉప్పు లెక్క. నువ్వు రాసినట్టే రాయమన్నాను. సాయంత్రం ఆ లెక్కా, పొద్దున నీ నోటంట నాకు దిగిందీ పక్కన పెట్టి సూసేదాన్ని."

"నాకు చెప్పలేదే."

"సెప్తే నమ్మేవోడివేటి? నువ్వు ముందు నీ పుస్తకం నమ్ముతావు, తరవాతే నన్ను. నాలుగు రోజులాగితే అన్నీ లెక్కలో పెట్టి సూపించుదామనుకున్నాను. ఈలోగా నువ్వెల్లి కాయితం ఎట్టేసినావు."

పద్దు పుస్తకం మూసి పక్కన పెట్టాను.

"బావా. వాడి పంక్తిలో నలభై రెండు సూసినావా?"

"చూశాను. చుక్క ఉంది."

"ఎవులికనుకున్నావు?"

తనకి అర్థమైంది. నవ్వింది, చాలాసేపు. ఆ నవ్వు ఆగేదాకా ఫోను పట్టుకునే ఉన్నాను.

"నీ పెల్లాం పన్నెండేల్లు నీ పంక్తిలో ఒక్కతే కూకుంది. వడ్డించే మొగుడికి పక్కన కూకునే తీరికేదీ? ఉప్పు పోయినట్టు తేలిన నాడే నీకు చోటు ఆపినాను. రా, వచ్చి కూకో."

అక్టోబరు 11, మంగళవారం. సన్నటి వాన. చిట్టిరాజు గది తలుపు కొట్టి, ఫిర్యాదు వెనక్కి తీసుకున్న కాగితం ఇచ్చాను.

"దీనికోసం ఇన్ని మెట్లెక్కారేంటండీ," అన్నాడు. "కాళ్లు చూసుకోండి, పీపాల్లా ఉన్నాయి. ఇవాళ ఏం తినమంటారండి?"

"నన్నడుగుతావేం?"

"అక్కయ్య గారు మిమ్మల్నే అడగమన్నారండి. బళ్లు మీవి, నోరు నాది అన్నారండి."

బీబో చారుతో మొదలుపెట్టమన్నాను. గిన్నె అడుగు దాకా తాగమన్నాను, పొగ వాసన అడుగునే ఉంటుంది. గవ్వలు చల్లారనివ్వద్దన్నాను. అబ్బబ్బ అనద్దని కూడా చెప్పాలనుకుని ఊరుకున్నాను.

పన్నెండున్నరకి గదిలో చప్పిడన్నం ముందు పెట్టుకుని పట్టీ కట్టుకున్నాను. గది గోడకున్న చిన్న పలకలో పంక్తి జాబితా వచ్చింది. నలభై రెండు దగ్గర చుక్క పోయి నా పేరు పడింది. పక్కన నలభై ఒకటి. నా రెండు వందల పద్దెనిమిదీ తొమ్మిది వందల చివర చేరి ఉన్నాయి. అది చూడకుండా ఉండాల్సింది. ఫోను పక్కనే పెట్టుకున్నాను, తను అటువైపు ఉంది.

ముందు పొగ వచ్చింది. తర్వాత పులుపు, ఏడు. కారం, ఐదు. నేను మెతుకులు నమిలాను. తర్వాత నాలుక అంచుల్లో ఏదో కదిలి, దవడల్లో నీరూరింది. ఉప్పు. ఎంతని వెంటనే చెప్పలేకపోయాను. బీబో వాళ్ల అమ్మ వేసినంత.

ఇది నిన్నటిదాకా వాడి నోట్లో ఉంది, నా నోట్లో లేదు. తను రోజూ ఇది తింది. ఇంత సరిగ్గా ఉన్న దాన్ని తిని వచ్చి, సాయంత్రం నన్ను ఉప్పు సరిపోయిందా అని అడిగింది.

"వచ్చినావా?" అంది ఫోనులో.

"వచ్చాను."

"మెల్లిగా తిను."

"నా చేతిలో ఏముంది. వాడు గబగబా మింగుతాడు."

"అవును, తొందర మనిసి. నువ్వే నయం, ఇరవైసార్లు నమిలేవోడివి. నాకు అదే అలవాటు."

అప్పటికి రెండో బండి దగ్గరికి వెళ్లినట్టున్నాడు. గవ్వ వేడిగా పేలింది. తనూ నేనూ ఒకేసారి "ఆ" అన్నాం.

అక్టోబరు 12, బుధవారం. వాన వెలిసింది. అలవాటుగా రాగి బద్ద తీసి, చూసి, మళ్లీ పెట్టెలో పెట్టాను.

పొద్దుటి పంక్తికి బెల్లం జాడీల వైపు వెళ్లమన్నాను వాణ్ణి, పనసగింజలు ఊరబెట్టి కొబ్బరితో ఇస్తారక్కడ. తను ఇంతవరకు తినలేదు. పంక్తి నాదిగా ఉన్నన్నాళ్లలో ఒక్కసారి కూడా అటు వెళ్లలేదు, నాకు నచ్చదని. తనకి నచ్చుతుందేమోనని ఎన్నడూ అడగలేదు. ఇప్పుడది వాడి నోటి నుంచి వస్తుంది. వాడి మీద కుళ్లు ఇంకా ఉంది. తగ్గుతుందని రాయను.

ఎనిమిదవుతోంది. నలభై ఒకటి వెలిగింది. తను కూర్చుంది. నేనింకా పట్టీ ఉతికి కట్టుకోనే లేదు.